ఇద్దరికీ ఒకే రైఫిల్: ఆలుమగలు కలిసి వాడుకునే తొలి ఎయిర్ రైఫిల్ ఎంపిక

ఒక రైఫిల్ కొని ఇంట్లో ఇద్దరూ వాడుకోవచ్చా అంటే, నిక్షేపంగా వాడుకోవచ్చు. కాకపోతే షాపులో ముందుగా నోటికొచ్చే ప్రశ్నలు ఇక్కడ పెద్దగా పనికిరావు. ఏ కంపెనీది, స్పీడెంత, ఎంత దూరం కొడుతుంది అన్నవి తర్వాతి సంగతి. బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) ఇద్దరి కొలతలకూ సరిపడేంత జరుగుతుందా? జరిపాక మళ్లీ అదే చోటికి వెంట్రుకవాసి తేడా లేకుండా తేగలమా? ముందు తేలాల్సినవి ఈ రెండే. ఖరీదైన రైఫిల్ కొని, దాన్ని ఇద్దరికీ మధ్యస్థంగా బిగించి, ఇద్దరూ ఇబ్బంది పడే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఇబ్బంది కొనే రోజునే తప్పించుకోవచ్చు.

ముందు వేట సంగతి తేల్చుకోండి

రైఫిల్ అనగానే వేట గుర్తొచ్చే ఊళ్లు మనవి. ఉదయగిరి కొండల కింద, వెలిగొండల అంచున, నల్లమలకు ఆనుకున్న చేలల్లో అడవి పందులు రాత్రికి రాత్రి వేరుశనగ మడులు పెళ్లగించేస్తాయి. తీరం వైపు రొయ్యల గుంటల మీద కొంగలు, నీటికాకులు వాలతాయి. అందుకే ఎయిర్ రైఫిల్‌ను ‘పిట్టల తుపాకీ’ అనుకుని కొనేవాళ్లు ఇంకా ఉన్నారు. అందుకోసమైతే దయచేసి కొనకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో వేట నిషేధం. గాయపరచడం, ఉచ్చు వేయడం, తరమడం, గుడ్లు పాడుచేయడం కూడా ఆ చట్టం లెక్కలో వేటే. నెమలి లాంటి మొదటి షెడ్యూలు ప్రాణిని చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. వాడిన ఆయుధమూ పోతుంది. పంట పాడుచేసే పంది విషయంలోనైనా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతిస్తేనే. రైతు తనంతట తాను చేసుకునే పని కాదది. పైగా అర గ్రాము పెల్లెట్ (ఎయిర్ రైఫిల్‌లో వాడే చిన్న సీసపు గుండు) పందిని చంపదు. లోపల పుండు చేసి వదిలేస్తుంది, ఆ ప్రాణి రోజుల తరబడి నరకం చూస్తుంది.

కాబట్టి ఈ మార్గదర్శి అంతా 10 మీటర్ల దూరంలో కాగితం మీద గురి పెట్టే ఆట గురించే. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ ఆటలోనే. మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకే దూరం, ఒకే టార్గెట్ కార్డు, ఒకే 60 షాట్లు. ఇద్దరూ ఒకే రైఫిల్ మీద నేర్చుకోవడానికి ఇంతకన్నా అనువైన ఆట లేదు.

లైసెన్సు మాట. 2016 ఆయుధ నియమావళి ప్రకారం గొట్టం 4.5 మి.మీ. (0.177 అంగుళం) దాటకుండా, మూతి దగ్గర శక్తి 20 జౌల్స్ మించకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. పోటీల రైఫిల్ 7.5 జౌల్స్ దగ్గరే ఉంటుంది కనుక చట్టానికి చాలా లోపలే ఉన్నట్టు. 5.5 మి.మీ. గొట్టం జోలికి మాత్రం పోవద్దు, అది లైసెన్సు ఉండాల్సిన సరుకు. గుర్తింపు కార్డు చూపించి అధీకృత డీలరు దగ్గర బిల్లుతో కొనండి. బిల్లులో సీరియల్ నంబరు రాయించండి. ఆ బిల్లు నకలు ఎప్పుడూ రైఫిల్ పెట్టెలోనే ఉండాలి. నెల్లూరు నుంచి ఒంగోలుకు బస్సులో తీసుకెళ్లేటప్పుడు ఎవరైనా అడిగితే చూపించేది అదే.

1. కన్ను, చెయ్యి చూసుకోండి

షాపుకు వెళ్లకముందే ఇంట్లో చేయాల్సిన పని ఇది. రెండు చేతులూ చాచి, బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి చిన్న సందు చేయండి. రెండు కళ్లూ తెరిచే ఆ సందులోంచి గోడ మీది గడియారాన్ని చూడండి. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. గడియారం ఇంకా కనిపిస్తుంటే మీది కుడి కన్ను వాటం, మాయమైతే ఎడమ కన్ను వాటం. ఇద్దరూ మూడేసి సార్లు చూసుకుని రాసుకోండి.

ఇద్దరిదీ కుడి చెయ్యి, కుడి కన్ను అయితే ఏ చిక్కూ లేదు. ఒకరిది కుడి చెయ్యి, ఎడమ కన్ను అయితే కుడి భుజం మీదే రైఫిల్ పెట్టి, ఎడమ కన్నుకు అడ్డంగా వెనక సైట్‌కు (గురి చూసే భాగానికి) బ్లైండర్ అనే అడ్డు పలక తగిలిస్తే సరిపోతుంది. పోటీ నిబంధనలు 30 మి.మీ. ఎత్తు దాటని బ్లైండర్‌ను ఒప్పుకుంటాయి. కన్ను గట్టిగా మూయడం మాత్రం అలవాటు చేసుకోవద్దు. పది షాట్లకే ముఖ కండరాలు పట్టేసి రెండో కన్ను కూడా మసకబారుతుంది.

అసలు చిక్కు ఒకరు కుడి చేతివాటం, ఇంకొకరు ఎడమ చేతివాటం అయినప్పుడే. మ్యాచ్ రైఫిల్ (పోటీల రైఫిల్) పిడి ఒక చేతికే చెక్కి ఉంటుంది. రెండు వైపులా పనిచేసే పిడి, పక్క మార్చుకోగల చీక్ పీస్ (బుగ్గ ఆనించే ముక్క) ఉన్న క్లబ్ మోడళ్లు దొరుకుతాయి, వాటినే వెతకండి. అవి దొరకకపోతే ఒకే రైఫిల్ ఆలోచన మానుకోవడమే మేలు.

2. ఇద్దరి కొలతలూ తీయండి

ట్రిగ్గర్ నుంచి బట్ ప్లేట్ (బట్ చివర భుజానికి తగిలే పలక) నడిమి వరకూ ఉన్న దూరాన్ని ‘లెంగ్త్ ఆఫ్ పుల్’ అంటారు. మోచెయ్యి 90 డిగ్రీలు మడిచి, మోచేతి మడతలోంచి చూపుడువేలు మొదటి కణుపు మెత్తటి భాగం దాకా టేపుతో కొలవండి. 5 అడుగుల 1 అంగుళం మనిషికి సుమారు 30, 31 సెంటీమీటర్లు వస్తుంది. 5 అడుగుల 8 అంగుళాల మనిషికి 33, 34 దాకా వస్తుంది. ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే లెక్క మాత్రమే. షూటింగ్ జాకెట్ వేసుకున్నాక భుజం దగ్గర మందం పెరిగి ఇంకో అర, ముప్పావు సెంటీమీటర్ తగ్గించాల్సి వస్తుంది.

ఇక్కడ ఒక్క నియమం మనసులో పెట్టుకోండి: రైఫిల్ పొట్టివాళ్లకు సరిపోవాలి. పొడుగువాళ్ల కోసం బట్‌ను బయటికి లాగొచ్చు, స్పేసర్లు (పొడుగు పెంచే బిళ్లలు) వేయొచ్చు. పూర్తిగా లోపలికి నెట్టినా ఇంకా పొడుగ్గా ఉన్న బట్‌ను ఏం చేయలేం. దుకాణాల్లో సాధారణంగా మగమనిషి చేతికిచ్చి ‘ఎలా ఉంది సార్’ అని అడుగుతారు. రైఫిల్‌ను ముందు ఆవిడ చేతికివ్వమనండి. ఆవిడకు పొడుగు తగ్గి, ఆయనకు పెరిగేలా ఉంటేనే మిగతా మాటలు. ఇద్దరి కొలతలకూ మధ్య 3 సెంటీమీటర్ల తేడా ఉంటే, బట్ సర్దుబాటు కనీసం 5 సెంటీమీటర్లు ఉండాలి. జాకెట్ ఉన్నప్పుడు ఒకటి, లేనప్పుడు ఒకటి కావాలి కదా.

బరువు కూడా ఇప్పుడే అనుకోండి. నిబంధనల ప్రకారం 5.5 కిలోల దాకా ఉండొచ్చు. మ్యాచ్ రైఫిళ్లు ఎక్కువగా 4 నుంచి 4.7 కిలోల మధ్య ఉంటాయి. ఇద్దరికీ అయితే 4 కిలోల దగ్గర ఉన్నది తీసుకుని, బరువు కావాలనుకున్నవాళ్లు గొట్టం కింద తూకం బిళ్లలు తగిలించుకోవడం మంచిది. పొడుగు లాగే బరువు కూడా పెంచడం సులువు, తగ్గించడం కష్టం.

3. ఏ రకం

మూడు రకాలు ఎదురవుతాయి.

గొట్టం విరిచి బిగించే స్ప్రింగ్ రైఫిల్ మనకు అందుబాటులో ఉన్నది, పాతిక వేల లోపే దేశీ సరుకు దొరుకుతుంది. నేర్చుకోవడానికి పనికొస్తుంది. పంచుకోవడానికి మాత్రం ఇది అన్నిటికన్నా మొండిది. కారణం ఇదీ: పెల్లెట్ గొట్టం దాటకముందే లోపల బరువైన పిస్టన్ ముందుకు దూకి ఆగుతుంది. ఆ కుదుపుకు రైఫిల్ మొదట వెనక్కి, వెంటనే ముందుకు కదులుతుంది. పట్టు ఎంత గట్టిగా ఉంది, చెయ్యి ఎక్కడుంది అన్నదాన్ని బట్టి పెల్లెట్ పడే చోటు మారిపోతుంది. ఒకరు సరిచేసిన సైట్ ఇంకొకరికి పనికిరాదు. రెండో సంగతి, బిగించడానికి పట్టే బలం. ఎక్కువ స్పీడ్ ఉందని గొప్పగా అమ్మే మోడళ్లకు 15 కిలోల పైన లాగాలి. 60 షాట్లకు 60 సార్లు. ముప్పయ్యో షాట్ కల్లా చెయ్యి వణకడం మొదలవుతుంది, ఆ వణుకును గురి లోపం అనుకుంటారు. స్ప్రింగ్ రైఫిలే కొనాలనుకుంటే తక్కువ శక్తిది, బిగించడానికి సులువైనది తీసుకోండి. కాగితానికి చిల్లు పెట్టడానికి ఎక్కువ శక్తితో పనిలేదు.

గాలిని ఒకే దెబ్బలో పంపు చేసుకునే రైఫిళ్లు రెండో రకం. పాత ఫైన్‌వెర్క్‌బావ్ 600 వరుస ఇలాంటిదే. కుదుపు లేదు, సిలిండర్ గొడవ లేదు. పక్క లివర్ ప్రతి షాట్‌కూ లాగాలి, అంతే. సెకండ్ హ్యాండ్‌లో మంచిది దొరికితే ఇద్దరికీ చక్కగా పనికొస్తుంది.

మూడోది ముందే గాలి నింపుకునే పి.సి.పి. ఈ రోజు పోటీలన్నీ వీటితోనే. వాల్టర్ ఎల్.జి. 400, ఫైన్‌వెర్క్‌బావ్ 800, అన్‌షూట్జ్ 9015 ఈ కోవలోవే. దిగుమతి సరుకుకు లక్షల్లోనే పెట్టాలి. దేశీయంగా తయారయ్యేవి అంతకు తక్కువకే వస్తాయి. కుదుపు దాదాపు ఉండదు, పెల్లెట్ పెట్టడానికి బలం అక్కర్లేదు, బట్ అన్ని వైపులా జరుగుతుంది. డబ్బు కుదిరితే ఇద్దరికీ ఇదే సరైనది. ఒకే బ్రాండ్‌లో ఖరీదైన మోడల్‌కూ చవక మోడల్‌కూ గొట్టంలో తేడా తక్కువ, బట్ సర్దుబాట్లలో తేడా ఎక్కువ. ఒంటరిగా వాడేవాళ్లు చవకది తీసుకున్నా నడుస్తుంది. ఇద్దరు వాడేటప్పుడు అదనపు డబ్బు పెట్టాల్సింది ఆ సర్దుబాట్ల మీదే.

4. షాపులో పరీక్ష: ఒక గంట కేటాయించండి

ఇద్దరూ వెళ్లాలి. ఒకరి బదులు ఇంకొకరు చూసి రావడం కుదరని పని. ఈ వరసలో చేయండి, వరస మార్చవద్దు. ఒక సర్దుబాటు తర్వాతి దాన్ని కదిలిస్తుంది.

మొదట ఉత్త చేతులతో నిలబడండి. కుడి చేతివాటం మనిషి ఎడమ భుజం టార్గెట్ వైపు, కాళ్లు భుజాల వెడల్పున. ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద ఆనాలి. రైఫిల్ బరువు మోయాల్సింది ఎముక, కండ కాదు. ఆడవాళ్లలో చాలామందికి తుంటి ఎముక మోచేతికి సులువుగా అందుతుంది, అందుకే ఈ భంగిమ వాళ్లకు తొందరగా కుదురుతుంది. మగవాళ్లు నడుమును కొంచెం ముందుకు నెట్టాల్సి వస్తుంది.

తర్వాత బట్ ప్లేట్ ఎత్తు. రైఫిల్ కంటి దగ్గరికి రావాలి, తల రైఫిల్ దగ్గరికి వంగకూడదు. మెడ వంగితే బట్ ప్లేట్‌ను కిందికి దించండి, రైఫిల్ పైకి లేస్తుంది. తల నిటారుగా నిలిచే దాకా దించుతూ పోండి.

ఆ తర్వాత పొడుగు. ట్రిగ్గర్ మీద చూపుడువేలు మొదటి కణుపు నడిమి ఆనాలి, కుడి మణికట్టు తిన్నగా ఉండాలి. పొడుగెక్కువైతే భుజం వెనక్కి లాగినట్టు, ఒళ్లు వెనక్కి వాలినట్టు ఉంటుంది. తక్కువైతే ముక్కు చేతికి తగులుతుంది.

నాలుగోది చీక్ పీస్. కళ్లు మూసుకుని బుగ్గ ఆనించండి. తెరిచేసరికి వెనక సైట్ రంధ్రం నడుమ ముందు సైట్ వలయం కనిపించాలి. వెతుక్కోవాల్సి వస్తే చీక్ పీస్ ఎత్తో పక్కో తప్పు. ఎత్తు తక్కువైతే మెడతో తలను పట్టుకు నిలబడతారు, అది నిమిషం కూడా నిలవదు. వెనక సైట్ కంటికి 5 నుంచి 8 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. సైట్‌ను పట్టా మీద ముందుకు వెనక్కి జరపండి, తలను జరపవద్దు.

చివరికి ఎడమ చెయ్యి. మోచెయ్యి తుంటి మీద ఆనాక రైఫిల్ మూతి కిందికి చూస్తుంటే చేతికీ రైఫిల్‌కూ మధ్య ఎత్తు కావాలి. అరచెయ్యి బదులు పిడికిలి పెట్టి చూడండి. ఇంకా చాలకపోతే ఫోర్ ఎండ్ (ఎడమ చేత్తో పట్టే ముందు భాగం) కింద రైజర్ బ్లాక్ అనే ఎత్తు దిమ్మ తగిలించాలి. ఇది ఒకరికి ఉండి ఇంకొకరికి లేకపోవచ్చు. స్క్రూ ఒకటి విప్పితే ఊడివచ్చేదే తీసుకోండి.

ఇప్పుడు ఆఖరి పరీక్ష. గురి పెట్టి, కళ్లు మూసి, నాలుగైదుసార్లు ఊపిరి తీసి వదిలి, కళ్లు తెరవండి. సైట్ పక్కకు పోయి ఉంటే పాదాలు జరపండి, చేతులతో లాగవద్దు. రెండు మూడుసార్లలో సైట్ టార్గెట్ మీదే నిలిస్తే ఆ సర్దుబాటు మీదే. అలా నిలిచాక కొలతలన్నీ రాసుకుని, రైఫిల్ ఇంకొకరికి ఇవ్వండి. మళ్లీ మొదటి నుంచి. రెండోవాళ్లు ఏదైనా ఒక చోట ‘ఇక జరగదు’ అన్నదాకా పోతే ఆ రైఫిల్ మీ ఇంటికి కాదు.

5. సైట్లు, ట్రిగ్గర్

డయాప్టర్ సైట్ (చిన్న రంధ్రంలోంచి చూసేది) ఉన్నది తీసుకోండి. వి ఆకారపు ఓపెన్ సైట్‌కు కొన్ని జిల్లా, రాష్ట్ర పోటీల్లో వేరే విభాగం ఉంటుంది, కానీ నలభై దాటినవాళ్లకు అది కళ్లకు పెద్ద పరీక్ష. దగ్గరి చూపు తగ్గిన కన్ను వెనక సైట్‌నూ ముందు సైట్‌నూ ఒకేసారి స్పష్టంగా చూడలేదు. డయాప్టర్‌లో చూడాల్సింది ముందు వలయాన్ని మాత్రమే. రంధ్రం పెద్దదీ చిన్నదీ చేసుకునే ఐరిస్ ఉంటే ఇద్దరి కళ్లకూ సరిపోతుంది. 1.0 నుంచి 1.2 మి.మీ. మధ్య మొదలుపెట్టండి. ముందు వలయం 3.8 నుంచి 4.2 మి.మీ. దాకా ఉండొచ్చు, నల్లటి చక్రం చుట్టూ తెల్లటి ఖాళీ పలచగా, అన్ని వైపులా ఒకేలా కనిపించాలి. ఖాళీ మరీ సన్నగా ఉండే చిన్న వలయం కొత్తవాళ్లను వణికిస్తుంది. పెద్దదానితో మొదలుపెట్టండి.

ట్రిగ్గర్ గురించి ఒక్క మాట. ఎయిర్ రైఫిల్ ట్రిగ్గర్‌కు కనీస బరువు నియమం లేదు, కనుక ఎంతైనా తేలిక చేయొచ్చు. మొదటి ఆరు నెలలు 100 గ్రాముల పైనే ఉంచండి, ఇద్దరికీ ఒకే బరువు. ట్రిగ్గర్ బ్లేడ్‌ను ముందుకూ వెనక్కీ జరుపుకోవచ్చు గానీ, బరువు మార్చుకుంటూ పోతే వేలికి ఏ అలవాటూ నిలవదు.

6. పెల్లెట్లు

తలకాయ చదునుగా ఉన్న ‘వాడ్‌కటర్’ పెల్లెట్లే వాడాలి. అవే కాగితానికి గుండ్రటి చిల్లు పెడతాయి. మొన తేలినవి చింపుతాయి, లెక్క తేలదు. మ్యాచ్ పెల్లెట్ బరువు 0.53 గ్రాముల దగ్గర, తల కొలత 4.48 నుంచి 4.52 మి.మీ. దాకా డబ్బా మీదే రాసి ఉంటుంది. ఏ కొలత మీ గొట్టానికి నచ్చుతుందో చూసి గానీ చెప్పలేం. రెండు మూడు రకాల డబ్బాలు కొని, రైఫిల్‌ను బెంచి మీద దిండ్ల మధ్య ఆనించి, ఒక్కో రకంతో పదేసి షాట్లు ఒకే చోట కొట్టండి. మంచి గొట్టం, సరైన పెల్లెట్ కుదిరితే పది షాట్ల చిల్లు అంచు నుంచి అంచుకు 6 మి.మీ. లోపే ఉంటుంది. పెల్లెట్ వెడల్పే 4.5 అని గుర్తుంచుకుంటే అదెంత చిన్నదో అర్థమవుతుంది. పదో వలయమంటే అర మిల్లీమీటరు చుక్క. తొమ్మిదో వలయం 5.5 మి.మీ. నచ్చిన రకం తేలాక అదే లాట్ నంబరుతో (ఒకే విడతలో తయారైనవి) ఏడాదికి సరిపడా కొనండి. లాట్ మారితే చిల్లు మారుతుంది.

పెల్లెట్ సీసంతో చేస్తారు. ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం తినకూడదు. పెల్లెట్లు నోట్లో పెట్టుకునే అలవాటు కొందరికి ఉంటుంది, అది అస్సలు వద్దు. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు ఈ పనికి దూరంగా ఉండడమే మంచిది.

7. కొలతల పుస్తకం, రంగు గీతలు

ఇద్దరి రైఫిల్‌కు ప్రాణం ఈ పుస్తకమే. ఒక చిన్న నోటుబుక్కు, ఒక వెర్నియర్ కాలిపర్ కొనండి. ఒక్కొక్కరికి ఒక పేజీ. రాయాల్సినవి: బట్ పొడుగు, బట్ ప్లేట్ ఎత్తు, బట్ ప్లేట్ వంపు, చీక్ పీస్ ఎత్తు, చీక్ పీస్ పక్క జరుపు, పిడి దూరం, వెనక సైట్ పట్టా మీద ఎక్కడుంది, రైజర్ ఉందా లేదా, ఐరిస్ కొలత, సైట్ క్లిక్కులు (సైట్ మర తిప్పేటప్పుడు టక్కుమనే మెట్లు). ఫ్యాక్టరీ గీతలు ఉన్నచోట ఆ అంకె రాయండి, లేనిచోట కాలిపర్‌తో మిల్లీమీటర్లలో.

ఆ తర్వాత రెండు గోళ్లరంగు సీసాలు తీసుకోండి. ఆవిడకు ఎరుపు, ఆయనకు నీలం. జరిగే ప్రతి కడ్డీ మీదా, అది లోపలికి దూరే అంచుకు సరిగ్గా ఆనేలా, కొత్త బ్లేడు అంచుతో రంగు అద్ది సన్నటి గీత పెట్టండి. బ్రష్షుతో పెట్టిన గీత రెండు మిల్లీమీటర్ల వెడల్పు వస్తుంది, అందులో ఏ అంచు పట్టుకోవాలో తెలియదు. ఆరాక గోటితో గీకి చూడండి, రాలకూడదు. నూనె తుడవకుండా పూస్తే వారంలో పెచ్చు లేస్తుంది, కాబట్టి ముందు స్పిరిట్ గుడ్డతో ఆ చోటు తుడవాలి.

క్లిక్కుల లెక్క ఇలా. ఇద్దరి బుగ్గ ఒత్తిడీ, చూపు కోణమూ ఒకటి కాదు కనుక ఒకే రైఫిల్ ఇద్దరికీ వేర్వేరు చోట కొడుతుంది. మొదట ఒకరికి నడిమికి తెచ్చుకుని, దాన్ని సున్నా అనుకోండి. రెండోవాళ్లు పది షాట్లు కొట్టి, ఎన్ని క్లిక్కులు ఎటు తిప్పితే నడిమికి వచ్చిందో రాసుకోవాలి: ‘కుడికి 6, పైకి 4’ అని. మళ్లీ మొదటివాళ్లకు రైఫిల్ వెళ్లేటప్పుడు అదే లెక్క తిరగేయాలి. ఒక్క క్లిక్కుకు ఎంత జరుగుతుందో మీ సైట్ మీదే తేల్చుకోండి: 20 క్లిక్కులు తిప్పి, ముందు వెనకల ఐదేసి షాట్ల నడిమి దూరం కొలిచి 20తో భాగించండి. లెక్క తప్పిపోతే సైట్‌ను ఒక కొస దాకా తిప్పి, అక్కడి నుంచి లెక్కపెట్టుకు రావచ్చు. అందుకే కొస నుంచి ఎన్నో క్లిక్కు అన్నది కూడా పుస్తకంలో ఉండాలి.

కొంచెం డబ్బు ఉంటే రెండో డయాప్టర్ కొనడం అన్నిటికన్నా తెలివైన ఖర్చు. ఎవరి సైట్ వాళ్లది. తీసి పెట్టినా, పట్టా మీద అదే గీతకు ఆనిస్తే ఒకటి రెండు క్లిక్కుల తేడాతో తిరిగి కూర్చుంటుంది.

మార్పిడికి ఐదు నిమిషాలు పట్టాలి, అంతకన్నా ఎక్కువైతే ఎవరో ఒకరు విసుగెత్తి ‘ఇలాగే కొట్టేస్తాలే’ అంటారు. అక్కడే ఆట చెడుతుంది. 2.5, 3, 4, 5 మి.మీ. ఆలెన్ కీలు పెట్టె మూతలోనే ఉంచండి. స్క్రూలు రెండు వేళ్ల బలంతో బిగిస్తే చాలు. అల్యూమినియం మరలు అరిగిపోయాయంటే ఆ భాగమే మార్చాలి. పది షాట్లకోసారి చేతులు మార్చుకోవద్దు. ఒకరు తమ 40 షాట్లు పూర్తి చేశాకే రెండోవారికి. వీలైతే ఒక్కో రోజు ఒక్కొక్కరిది.

తప్పు ఎక్కడుందో కార్డే చెబుతుంది. చిల్లులు పైనుంచి కిందికి వరసగా పడుతుంటే బట్ ప్లేట్ ఎత్తు గానీ, ఊపిరి గానీ. పక్కలకు పరుచుకుంటే పాదాలు గానీ, బుగ్గ ఒత్తిడి గానీ. ఒకరికి గుంపు చిన్నగా, నడిమికి దూరంగా పడితే అది క్లిక్కుల లెక్క తప్పడమే, సర్దుబాట్లు కదపవద్దు.

8. గాలి, ఉప్పు, ఎండ

పి.సి.పి. సిలిండర్‌ను సాధారణంగా 200 బార్ దాకా నింపుతారు. కొన్నిటికి 300 ఉంటుంది, సిలిండర్ మీద అచ్చువేసి ఉన్న అంకె దాటకూడదు. ఒకసారి నింపితే ఇద్దరి సాధనకూ సరిపోతుంది. చేతిపంపుతో సగం నుంచి నింపాలంటే నూరు స్ట్రోకుల దగ్గర పడుతుంది. ముప్పయ్యికోసారి ఆపి, పంపు చల్లారనిచ్చి, తేమ వదిలే మర తిప్పండి. మన తీరంలో గాలిలో నీరెక్కువ. అది సిలిండర్‌లోకి పోతే లోపలి సీళ్లు పాడవుతాయి, తుప్పు పడుతుంది. ఆక్సిజన్ సిలిండర్ నుంచి ఎన్నడూ నింపవద్దు. లోపలి గ్రీజుతో కలిసి పేలుతుంది, ప్రాణాలు పోతాయి. జర్మన్ సిలిండర్ల మీద తయారీ తేదీ ఉంటుంది, తయారీదారు చెప్పిన ఆయుష్షు దాటినది వాడకూడదు. సెకండ్ హ్యాండ్ రైఫిల్ చూసేటప్పుడు మొదట చూడాల్సింది ఆ తేదీనే. తర్వాత గేజీ అంకె రాసుకుని ఒక రాత్రి వదిలేసి చూడండి, తెల్లారేసరికి దిగితే ఎక్కడో కారుతోంది.

మైపాడు, కొత్తపట్నం లాంటి ఊళ్లలో ఉప్పుగాలికి వారం రోజుల్లో ఉక్కు మీద గోధుమరంగు మచ్చ పడుతుంది. చేతి చెమట అంతకన్నా చెడ్డది. ఆట అవగానే లోహం అంతా నూనె గుడ్డతో తుడిచి, పెట్టెలో సిలికా జెల్ సంచులు వేయండి. గొట్టం లోపల నూనె పోయవద్దు. మే నెలలో కారు డిక్కీలో నింపిన సిలిండర్ ఉంచకండి.

జాకెట్, ప్యాంటు, గ్లౌజు, బూట్లు మాత్రం ఇద్దరూ పంచుకోలేరు. గట్టి కాన్వాస్ జాకెట్ ఒంటికి అతికినట్టు ఉండాలి. అందుకే బడ్జెట్ వేసేటప్పుడు ఒక రైఫిల్, రెండు జాకెట్లు, రెండు గ్లౌజులు అని వేయండి. మొదటి మూడు నెలలు జాకెట్ లేకుండా నేర్చుకోవచ్చు. మన ఎండల్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొద్దున ఆరు నుంచి ఎనిమిదిలోపు ముగించండి. జాకెట్‌లో చెమటోడ్చి గుండె దడ పెరిగితే ఆ దడ సైట్‌లో కనిపిస్తుంది.

9. ఇంటి దగ్గర షూటింగ్ చోటు

10 మీటర్లంటే 33 అడుగులకు రెండంగుళాలు తక్కువ. మనిషి నిలబడేందుకూ, టార్గెట్ వెనక పెట్టెకూ కలిపి 40 అడుగుల పొడుగు కావాలి. ఖాళీ పొగాకు గోడౌనో, ధాన్యం షెడ్డో ఉంటే అంతకన్నా మంచి చోటు లేదు. టార్గెట్ నడిమి నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తులో ఉండాలి. వెనక 3 మి.మీ. ఇనుప రేకును 45 డిగ్రీల వాలులో పెట్టి, పెల్లెట్ కింద ఇసుక పెట్టెలో పడేలా చేయండి. నిలువు రేకు పెడితే సీసం ముక్కలు వెనక్కి ఎగిరి కళ్లలో పడతాయి. ఇద్దరూ కళ్లద్దాలు పెట్టుకోవాలి, చూస్తున్నవాళ్లు కూడా. టార్గెట్ వైపు తలుపు ఉంటే లోపలి నుంచి గడియ వేయండి. రైఫిల్ చేతిలో లేనప్పుడల్లా గొట్టంలో సేఫ్టీ ఫ్లాగ్ (లోపల పెల్లెట్ లేదని చూపించే రంగు తాడు) ఉండాలి. పిల్లలున్న ఇంట్లో రైఫిల్ ఒక తాళంలో, పెల్లెట్లు ఇంకో తాళంలో.

పి.సి.పి.లో డ్రై ఫైర్ మీట ఉంటుంది, పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ సాధన చేయొచ్చు. ఒకరు నిలబడితే ఇంకొకరు మూతిని గమనించి, ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఎటు కదిలిందో చెప్పాలి. ఇద్దరికి ఒకే రైఫిల్ ఉండడంలో ఉన్న పెద్ద లాభం ఇది. స్ప్రింగ్ రైఫిల్‌తో మాత్రం ఇది చేయవద్దు. ముందు గాలి దిండు లేక పిస్టన్ నేరుగా కొట్టుకుని పాడవుతుంది. పెల్లెట్ పెట్టేటప్పుడు విరిచిన గొట్టాన్ని చేత్తో పట్టుకునే ఉండండి, జారితే వేళ్లు నలుగుతాయి.

పోటీలకు వెళ్లేటప్పుడు

జిల్లా రైఫిల్ సంఘం ద్వారా రాష్ట్ర పోటీలకు పేరిచ్చేటప్పుడు, ఇద్దరూ ఒకే రైఫిల్ వాడుతున్నారని ముందే రాసివ్వండి. ఇద్దరినీ వేర్వేరు డిటైల్స్‌లో (షూటర్లను విడతలుగా పిలిచే వంతుల్లో) వేయించుకోవాలి. మధ్యలో మార్పిడికీ, నాలుగైదు సైటర్ షాట్లకూ (లెక్కలోకి రాని, గురి సరిచూసుకునే షాట్లకూ) వ్యవధి కావాలి కనుక వరుస డిటైల్స్ కాకుండా ఒకటి విడిచి ఒకటి అడగండి. పరికరాల తనిఖీకి ఇద్దరూ తమ తమ సర్దుబాట్లతో రైఫిల్ చూపించాలి. ఒకరి కొలతలో నిబంధనకు లోబడి ఉన్న బట్ ప్లేట్, ఇంకొకరి కొలతలో హద్దు దాటవచ్చు.

10 మీటర్ల మిక్స్‌డ్ టీమ్ పోటీ టోక్యో ఒలింపిక్స్ నుంచీ ఉంది. ఒక మగ, ఒక ఆడ పక్కపక్కన నిలబడి ఒకేసారి కొడతారు. ఆ పోటీకి దిగాలనుకున్న రోజున రెండో రైఫిల్ తప్పదు. అప్పుడు కూడా మొదటిదాని మోడలే తీసుకోండి: స్పేసర్లు, సీళ్లు, సైట్లు, పంపు అడాప్టర్ రెండిటికీ పనికొస్తాయి, ఇన్నాళ్లూ రాసుకున్న కొలతలు అంకె మారకుండా కొత్త రైఫిల్ మీదికి ఎక్కుతాయి.